గీతలు మొలిచేదాకా

ఇల్లు కదల్లేదు. గుమ్మం తూర్పు చూడ్డం మానలేదు.
అయినా ఉగాది వెళ్ళిన రెండోనాడు మేం
ప్రకాశం జిల్లా దాటి నెల్లూరు జిల్లాలో పడ్డాం.
కందుకూరు కందుకూరులోనే, పొయ్యి మీద పొయ్యి మీదే.
ఆ ప్రయాణానికి ఎవరూ వీసా అడగలేదు.

అడిగింది కరీముల్లా, ఇప్పుడు.
"పాస్‌పోర్టులో ప్రకాశం, ఆధార్లో నెల్లూరు.
ఏ జిల్లా మనిషివక్కా నువ్వు?"
పొగాకు బ్యారన్ల మనిషినని చెప్పా.
ఫారంలో ఆ గడి లేదంట.

బస్టాండు ఎదురుగా మేడమీద గది.
ఫ్యాను తిరిగినప్పుడల్లా గోడ మీది కువైట్ క్యాలెండరు
లేచి లేచి పడతా ఉంది.
రెండు కాయితాలు పరిచాడు.
ఇరవై నంబరు: ఇంటి పని. ఖర్చంతా వాళ్ళదే,
పాస్‌పోర్టు కూడా వాళ్ళ బీరువాలోనే.
పద్దెనిమిది నంబరు: కంపెనీ. కుట్టుమిషనో, ఆస్పత్రి ఊడ్చేదో.
లక్షా ఎనభై వేలు.
సెలవనేది వారానికొకటి ఉంటదంట, కాయితం మీద.

ఇరవై ఆరేళ్ళుగా ఆకు ఏరతన్నా.
కళ్ళు మూసుకుని తడిమి చెప్తా
ఏది బ్రైటో, ఏది మీడియమో,
ఏది మండెలో చెమ్మ పట్టి లోపల్లోపలే చెడిందో.
ఈ రెండు కాయితాలూ తడిమా.
రెండూ ఒకే నున్నగా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఆ రొట్టె.
నెల్లూరు రొట్టెల పండగలో, మోకాళ్ళ దాకా నీళ్ళలో
"వీసా రొట్టె, వీసా రొట్టె" అని జనం అరుస్తుంటే
గూడూరామె ఒకామె పిలిచి మరీ నా చేతిలో పెట్టింది.
"ఏ నంబరు రొట్టె మా ఇది?" అనడిగా, ఎగతాళికే.
ఆమె మోచేతి కింద ఇస్త్రీపెట్టె అచ్చు,
మొన తేలి, కొలిచి గీసినట్టు.
కొంగు దాని మీదకి లాక్కుంది.
"పద్దెనిమిదనుకుని తిను తల్లా" అనింది.

కమ్మలు, చీటీ పాట, రెండు మేకలు,
మా తమ్ముడి మొహం చిట్లింపుతో సహా ఒక యాభై.
అట్టా చేశా పద్దెనిమిది.

అయితే చిక్కు అక్కడ లేదు.
గాజు పలక మీద నాలుగు వేళ్ళూ ఆనించా. ఎర్ర లైటు.
కొంగుతో తుడిచి ఆనించా. ఎర్ర.
నిమ్మచెక్క రుద్దారు. ఎర్ర.
రేషను బండి కాడా ఇంతే, మా కోడలు వేలుతోనే బియ్యం.
ఆ మిషను కుర్రాడు నా చూపుడువేలు పట్టుకుని
ట్యూబులైటు కేసి అటు తిప్పి ఇటు తిప్పి,
అచ్చం నేను ఆకును చూసినట్టే చూశాడు.
"అరిగిపోయినయ్" అన్నాడు.
గ్రేడు మాత్రం చెప్పలా.

"రెండు నెల్లు పని మానెయ్ అక్కా" అన్నాడు కరీముల్లా,
"గీతలు అవే వస్తాయి."

సీజను నడిమధ్యలో మానేశా.
మొదటివారం చేతులు యాడ పెట్టుకోవాలో తెలీలా.
మేస్త్రమ్మ రెండుసార్లు మనిషిని పంపింది,
మూడోసారి పంపలా.
ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయా.
ఏదో తక్కువైంది. ఉప్పేమో అనుకున్నా.
తక్కువైంది చేదు.
వేళ్ళ జిగురు కలవని అన్నం ఎట్టా ఉంటదో
నా నాలిక్కి కొత్త.

పొగనారు మడికి తడి ఇచ్చినట్టు
రాత్రికి కొబ్బరినూనె, పొద్దున గోరువెచ్చని నీళ్ళు.
ఫోను లైటేసుకుని చూస్తా, మా ఆయన నిద్దర్లో విసుక్కుంటాడు.
మూడోవారం బొటనవేలి వార సన్నగా ఒకటి.
తర్వాత దాని పక్కన ఇంకోటి, వంకర తిరిగి.

ఇవి ఎప్పటి గీతలు?
అమ్మ వెనకాల అన్నం టిఫిను పట్టుకుని
మొదటిసారి బ్యారన్ గుమ్మం ఎక్కిన
పదిహేనేళ్ళ పిల్లవి గదా.

సోమారం మళ్ళీ పోవాలి.
గాజు మీద ఆనేది ఆ పిల్ల వేలు.
ఫారంలో వయసు నలభై ఒకటని రాసుంది.
కరీముల్లాకి చెప్పలా.