రంగు తర్వాత

తొట్టి తెచ్చి షెడ్డు ముందు వదిలాడు యేసుదానం.
"ఏం లేదు బాబాయ్, ఓ రెండు చేతులు రంగు కొట్టెయ్."
ఉత్త రంగు కోసం ఎవరూ
సఖినేటిపల్లి రేవు దాటి నా దగ్గరికి రారు.

గోనెపట్టా పరిచి కిందికి దూరాను.
మూడేళ్ళ రొయ్యల చెరువులు, కారిన ఐసునీళ్ళు,
పంటు ఎక్కినప్పుడల్లా పోటులో మునిగిన చక్రాలు,
అంతా ఇరుసు మీద లెక్క రాసి ఉంది.

తుప్పంతా ఒకటి కాదు.
పసుపు రాసినట్టు పైపైన ఉన్నది
కిరసనాయిలు గుడ్డకి వచ్చేస్తుంది, దానితో నాకు తగువు లేదు.
పూతరేకులా లేచేదుంటుందే,
గోరు పెడితే ఒక పొర, దాని కింద ఇంకో పొర,
అది తినడం మొదలెట్టి చాలాకాలమైనట్టు.

సుత్తితో అడుగుతాను.
మంచి ఇనుము ఖంగున పలుకుతుంది.
కమానుకట్ట కింద, యూబోల్టు కరిచిపట్టిన చోట
తడిసిన బస్తాని కొట్టినట్టు, దబ్.
సుద్దముక్కతో అక్కడో గీత గీశాను.

డ్రమ్ము ఊడి రాలేదు.
రాత్రంతా డీజిలు తాగించి
పొద్దున్నే చుట్టూ తిరిగి కొడితే వచ్చింది.
లోపల లైనరు లేదు, రివిట్లున్నాయి.
స్ప్రింగు నా వేళ్ళలో పొడైంది.
"ట్రాక్టరుకి బ్రేకుంది గదండి" అన్నాడు నసుగుతూ.
"వెనకనించి నాలుగు టన్నులు తోస్తుంటేనా?"

కాసేపాగి అడిగాను:
"రేవు దిగుడులో చక్రం కింద రాయి పెట్టేదెవరు?"
"మా అక్క కొడుకండి, షడ్రకు."
"వాడి వేళ్ళు ఎప్పుడన్నా లెక్కపెట్టావా?"
మాట్లాడలేదు. టీ చెప్పొస్తానని వెళ్ళి
గంటకి వచ్చాడు, టీ లేకుండా.

పుచ్చిన ఇరుసుకి వెల్డింగు వెయ్యనన్నాను.
పాలకొల్లు పాతసామాన్ల కొట్లో వేరేది దొరికింది.
తీగబ్రష్షుతో రెండ్రోజులు,
భుజాలు పడిపోయాయి, ముక్కులో ఎర్రదుమ్ము.
లైనర్లు కొత్తవి, సిలిండర్లు కొత్తవి, గ్రీజు పిడికిళ్ళకొద్దీ.
ఎర్ర ఆక్సైడు ఒక్క పూతే వేశాను.
నల్లరంగు వద్దన్నాను.
మళ్ళీ మొదలైతే నాకు కనపడాలి.

నాలుగోరోజు పాటు తీసే వేళ రేవులో దింపాం.
బురదలోకి సగం జారి
బండి నిలబడిపోయింది.
నీళ్ళకి జానెడు ఎడం.
అలవాటు కొద్దీ రాయి పట్టుకుని వంగిన షడ్రకు
దాన్నెక్కడ పెట్టాలో తెలీక
అలాగే ఉన్నాడు.

"మిగతా డబ్బులు పట్టుబడికి ఇస్తానండి" అన్నాడు యేసుదానం.
ఆయ్, అలాగే.
ఆర్నెల్లకి తొట్టిని మళ్ళీ తీసుకురా.