తొలి విడత

అక్టోబరు ఆఖరి రాత్రి. కాలవ మోత కిటికీలో.
ఫోన్ వెలుగులో మూడోసారి సరిచూశాను:
కొల్లాటి ప్రణవి, పాలకొల్లు, ఇంటర్ రెండో ఏడు.
తండ్రి వృత్తి అన్న గడి దగ్గర వేలు ఆగింది.
వ్యాపారం, ఉద్యోగం, వ్యవసాయం, వైద్యం, ఇతరములు.
లాకుల దగ్గర పదహారేళ్లుగా రోజుకూలీకి
షట్టర్లు ఎత్తీ దించే లస్కరు
ఆ జాబితాలో ఎక్కడా లేడు.
ఇతరములు నొక్కాను.

తొలి విడతలో వేస్తే సగం సీటు వచ్చినట్టే
అంటారు మా లెక్కల మాస్టారు.
వేలమందిలో తోసుకోనక్కర్లేదు, వందల్లో నిలబడతావు, అంటారు.
అడుగున చీమల బారులా ఉన్నది మాత్రం
నేనొక్కదాన్నే చదువుకున్నాను:
సీటిస్తే చేరి తీరాలి.
మిగతా అర్జీలన్నీ వెనక్కి తీసుకోవాలి.
ఫీజులో ఎంత తగ్గిస్తారన్నది
సీటిచ్చాకే చెబుతారు.

ధర చెప్పకుండా సంచీలో వేసే కొట్టు
మా పేటలో ఒక్కటీ లేదు.
చేపల అప్పలకొండ కూడా
మట్టగిడస మొప్ప ఎత్తి చూపించి
ముందు ధర చెప్పి
ఆ తర్వాతే కత్తిపీట ముందు కూర్చుంటుంది.

చైత్రిక నిన్ననే పంపేసింది.
వాళ్లకి ఆకివీడు అవతల అరవై ఎకరాల చెరువులు.
"వస్తే వెళ్తాను, అంతే కదే!" అంది
జామకాయ కొరుకుతూ.
దాన్ని నేనేమీ అనను.
ఎంత అడిగినా వాళ్ల నాన్న
ఒక చెరువు ముందుగా పట్టించేస్తే సరిపోతుంది.
తొందరపడ్డం కూడా ఒక ఆస్తేనని
దాని జామకాయ అయ్యేలోగా నాకు అర్థమైంది.

అమ్మ కుప్పనూర్పిడి లెక్కల్లో ఉంది.
"నూటిరవై రోజుల రకం వేసినోళ్లు
వాయుగుండానికి ముందే గట్టెక్కారు.
స్వర్ణ వేసినోళ్లు ఇంకా మబ్బు చూస్తన్నారు."
అయితే ముందే వేసెయ్యమంటావా?
"అలా అనలేదే. తూకం స్వర్ణకే."

నాన్నని అడిగితే చుట్ట ఆరేదాకా మాట్లాడలేదు.
"పడవలు తిరిగే రోజుల్లో," అన్నాడు
(అవి నేను పుట్టకముందే మానేశాయి)
"పడవ లాకులోకి రాగానే
వెనక తలుపు మూసేసేవోడు మీ తాత.
ముందు తలుపు అప్పుడే తీయడు.
లోపలి నీరూ బయటి నీరూ సమానం అవ్వాల.
అందాకా సరంగు అటు పోలేడు, ఇటు రాలేడు."
ముందే తీసేస్తే?
"రాదు. నలుగురు లాగినా రాదు.
నీళ్లు అటునించి నొక్కి పట్టుకుంటాయి."

ఇది నాకు జవాబో, ఉత్త కబురో.
ఆయన కబుర్లకి అడుగున నీతి ఉండదు.
టార్చి తీసుకుని
షట్టరుకి అడ్డంపడ్డ గుర్రపుడెక్క లాగడానికి పోయాడు.

పదకొండూ నలభై.
ఆరువందల మాటల వ్యాసం ఇంకోసారి చదివాను.
అందులో గోదావరి ఎనిమిదిసార్లు వచ్చింది.
నిజానికి మేం తాగేది కాలవ నీరు.
గోదావరి అంటే నాకు
నర్సాపురం రేవులో పంటు మీద నాలుగు ప్రయాణాలు,
ఒకసారి వాంతి.
సిగ్గేసి, ఎనిమిదింట్లో ఆరు కొట్టేశాను.
కొట్టేసిన చోట్ల ఏం పెట్టాలో తోచక
అప్పలకొండ కత్తిపీట రాశాను.
చుట్ట వాసన రాశాను.

ఆలోచించే ఆగాను అని చెప్పుకోవాలనుంది.
కానీ పన్నెండు దాటేసరికి
నేనింకా ఒక వాక్యం తోక సరిచేస్తున్నాను.

మలి విడతకి జనవరి దాకా గడువుంది.
అప్పుడు నాలుగు ఉత్తరాలొస్తే
నాలుగూ చాప మీద పరిచి చూసుకోవచ్చు.
ఒక్కటీ రాకపోవచ్చు కూడా.
డిసెంబరులో చైత్రిక ఫోన్ చేసి అరిచినప్పుడు
నా కడుపులో ఏమవుతుందో ఇప్పుడే తెలుస్తోంది.

నాన్న మోకాళ్లదాకా తడిసి వచ్చాడు.
"పంపేశావా?"
లేదు.
"ఊఁ." కాళ్లు కడుక్కున్నాడు.
"ఎంత డెక్కే బాబూ, పడవ పట్టేంత."

ఇతరములు అన్నదాని పక్కన
చిన్న ఖాళీ ఉందని అప్పుడు చూశాను.
ముప్పై అక్షరాలు పడతాయట.
లస్కరుకి అన్ని అక్కర్లేదు.