నలభై ఒకటి

రాత్రి నలభై ఒక్కసార్లు పేలింది.
లెక్క నాదే.
ఏ ఒడ్డు నుంచి పేలిందో రాసే అధికారం లేదు,
నాకు చెవులు మాత్రమే ఇచ్చి పంపారు.

దోనెట్స్ నదికి ఇవతల, పరాస్కా వంటింట్లో
కిటికీకి అద్దం లేదు, దుప్పటి ఉంది.
"జీపుకి తెల్లరంగు వేసి ఏం లాభం?" అంది టీ పోస్తూ,
"మంచులో అదీ కనబడదు."

నా కాగితం వియన్నా చేరేసరికి
'దాడి' కాస్తా 'సంఘటన' అయింది.
ఆ ఒక్క మాట ముందు మూడు వారాలు కూర్చున్నారు.
అందరూ ఊ అంటేనే వాక్యం కదులుతుంది.
ఊ అనవలసిన వాళ్ళలో
ఫిరంగి సొంతదారూ ఒకడు.

చెడ్డవాళ్ళని అనను.
అక్కడి గుమాస్తా ఇర్మ్‌గార్డ్ ఓసారి ఫోన్లో ఏడ్చింది.
ముక్కు చీదుకుని,
"పేజీ నంబరు సరిచేసి మళ్ళీ పంపండి" అంది.

మూడోవారం నడిమధ్య
పరాస్కా మేకలపాక లేకుండా పోయింది.
గుంత కొలుస్తుంటే
టేపు రెండో కొస తనే పట్టుకుంది.
"రాశావా?"
"రాశాను."
"మేక పేరు జిర్కా. అదీ రాయి."
ఫారంలో ఆ గడి లేదు.

మమ్మల్ని వెనక్కి పిలిచిన రోజు
నా పెన్సిలు అడిగి తీసుకుంది.
ఇప్పుడు పాత క్యాలెండరు వెనక గీతలు గీస్తోందట.
ఏ ఒడ్డు నుంచో కూడా రాస్తోందట,
ఆమెకైతే ఎవరూ ఊ అనక్కర్లేదు.

నిండిన కాగితాలు ఎక్కడికి పంపాలని
మొన్న కబురు చేసింది.
వియన్నా చిరునామానే ఇచ్చాను.
ఇంకేది ఇవ్వను?