గ్రాముల లెక్క

పదకొండేళ్ళు
ఎనోరా సైకిల్ బరువు తగ్గించడమే నా పని.
గాప్ ఊళ్ళో, రైల్వే స్టేషన్ వెనక సందులో నా షాపు.
మొదటిసారి వచ్చినప్పుడు జుట్టింకా తడిగానే ఉంది,
మాటలో బ్రెతాన్ యాస.
"ఇది ఎంత తూగుతుంది?"
కొక్కేనికి తగిలించి చూశాను.
ఎనిమిది కిలోల నాలుగొందలు.
పాత బాకీ ఎవరో గుర్తుచేసినట్టు
తన మొహం ముడుచుకుంది.

అప్పట్నించీ మా మధ్య గ్రాములే మాటలు.
సీటు కింద స్క్రూ మార్చాను, పదకొండు.
నీళ్ళ సీసా పట్టుకునే తీగ, ఇరవై.
హ్యాండిల్ టేపు చివర ఒక చుట్టు కోసేశాను,
రెండో మూడో,
అంత చిన్న అంకె నా కాటాకి తెలీదు.
గంట అసలెప్పుడూ లేదు.
రేసు సైకిల్‌కి గంటెందుకు?
తప్పుకోండని ఎవర్ని అడుగుతారు?

పుట్టింది దువార్నెనేలో,
సార్డిన్ చేపల్ని డబ్బాల్లో పేర్చే ఊళ్ళో.
"ఈత నా సొంతిల్లు" అనేది.
"సైకిల్ అద్దిల్లు.
పరుగు మాత్రం ఎవరిదో ఇల్లు, మురియెల్ మావయ్యా,
అర్ధరాత్రి చెప్పులు చేతపట్టుకుని దూరాలి."
నా ఇంటిపేరు మురియెల్. మావయ్య అన్నది తనే.

జెరార్మేలో వాన. నాలుగో స్థానం.
విషీలో తారు కరిగే ఎండ. నాలుగు.
నీస్‌లో గులకరాళ్ళ ఒడ్డున
వెట్‌సూట్ జిప్పు సగంలో బిగుసుకుపోయి
నలభై సెకన్లు
వీపు మీద చేతులేసుకుని గింగిరాలు తిరిగింది.
మళ్ళీ నాలుగే.
విజేతల మెట్లు మూడు.
నాలుగో మనిషికి నేల.

చలికాలం మునిసిపల్ కొలనులో
పిల్లలకి మునగడం నేర్పేది, గంటకి పదహారు యూరోలు.
జెర్సీ మీద పరుపుల కంపెనీ పేరు.
తెల్లారి నాలుగున్నరకి లేచే మనిషి ఛాతీ మీద
'హాయిగా నిద్రపోండి' అని.
ఎప్పుడు చూసినా నాకు నవ్వొచ్చేది,
తనకి రాలేదు.

ఆ ఆగస్టు,
సరస్సు ఇంకా చీకట్లో ఉంది.
వరసగా నిలబెట్టిన సైకిళ్ళ మధ్య వంగి టార్చి వేస్తే
వెనక చక్రం అంచున
వెంట్రుకంత పగులు.
నా వ్యాన్లో ఉన్నదొక్కటే, నేను బ్రెడ్డు తెచ్చుకోడానికి వాడే చక్రం.
మూడొందల పది గ్రాములు ఎక్కువ.
మార్చేశాను.
"ఎంత?" అంది టోపీ లాక్కుంటూ.
"అంతే" అన్నాను.

ఇజోఆర్ కనుమ ఎక్కేటప్పుడు మొదటి గుంపులో లేదు.
దిగేటప్పుడు రేడియోలో లేదు.
నేను వ్యాన్ మెట్టు మీద కూచుని
ఆ పగిలిన చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని
చువ్వలు లెక్కపెడుతున్నాను. ఇరవైనాలుగు. మళ్ళీ ఇరవైనాలుగు.
పరుగులో, ఆ ఎవరిదో ఇంట్లో,
దీపాలన్నీ తనే వేసుకుంటూ వచ్చింది.
ఆ ఒక్కసారే మొదటిది.
రిబ్బను తెంపాక తాడుకి ఆనుకుని
వాంతి చేసుకుంది, చక్కగా, పక్కకి తిరిగి.

తర్వాతవి త్వరగా చెప్తాను.
ఒక మలుపు, కంకర, విరిగిన కాలర్‌బోన్.
పరుపులవాళ్ళ ఉత్తరం, రెండు వాక్యాలు, రెండోది శుభాకాంక్షలు.
మోకాలు.
ముప్పయ్యారో ఏట ఒక రేసులో
సైకిల్ దిగి, హెల్మెట్ తీసి, బూట్లు వేసుకుని,
మళ్ళీ విప్పేసింది.
ఎవరూ ఫోటో తియ్యలేదు.

నిన్న షాపుకొచ్చింది. జుట్టు పొడిగా ఉంది.
"బుట్ట ఉన్న సైకిల్ కావాలి.
శనివారం సంతకి."
పద్నాలుగు కిలోలు తూగుతుందన్నాను.
భుజం ఎగరేసింది.
నోరు ఊరుకోలేదు, ఆ చక్రం సంగతి చెప్పేశాను,
మూడొందల పది.
"తెలుసు" అంది.
"ఇజోఆర్ మొదటి మలుపులోనే తెలిసింది.
బ్రెడ్డు వాసన కూడా వేసింది."

తర్వాత గాజు పెట్టెలో వేలు పెట్టి
ఇత్తడి గంటొకటి బయటికి తీసింది.
అలవాటుగా కాటా వైపు చేయి చాచాను.
తను ఇవ్వలేదు.
అక్కడే, షాపు మధ్యలో, నిలబడి మోగించింది.
బల్ల కింద కుక్క లేచి
పక్కకి తప్పుకుంది.