వెనక ఎడమది

ఉత్తర డకోటాలో డిసెంబరు.
హ్యాంగర్ రేకుల మీద మంచు గీరుకుంటున్న చప్పుడు.
నలభై ఆరులో పుట్టిన విమానం,
మార్లిస్ కంటే రెండేళ్ళు పెద్దది,
ముక్కు విప్పించుకుని నిలబడి ఉంది.

పానెల్‌లో మూడు కన్నాలు.
ఒకదాంట్లో ఆయిల్ ఒత్తిడి. ఒకదాంట్లో ఆయిల్ వేడి.
ఆ గాజు మీద ఎవరో పాత యజమాని
గోళ్ళరంగుతో గీసుకున్న ఎర్ర గీత;
రెండొందల ఇరవై దగ్గర చెయ్యి కాస్త వణికినట్టుంది.
మూడోది ఖాళీ.

ఆర్విడ్ కేటలాగ్ తెచ్చాడు.
నాలుగు సిలిండర్లనీ ఒకేసారి చూపించే తెర,
రంగులు, అంకెలు, హద్దు దాటితే కీచుమనే హెచ్చరిక.
"దీనికి బ్యాటరీ ఏదయ్యా?" అంది మార్లిస్.
లేదు. ఈ విమానానికి లైటు లేదు, స్టార్టరు లేదు,
ప్రొపెల్లర్ పట్టి లాగడానికి నేనున్నాను, అంతే.

చివరికి ఒక డబ్బా అడుగున దొరికింది:
ఒక సూది, ఒక రాగి ఉంగరం, రెండు తీగలు.
కరెంటు అడగదు.
ఒంటికి తగిలిన వేడినే చిటికెడు విద్యుత్తు చేసుకుని
సూదిని నెట్టుకుంటుంది.
"ఇది కష్టపడి తినే రకం" అంది.

వంటింట్లో కెటిల్ మరగబెట్టి ఉంగరం ముంచాం.
రావలసినదానికి ఏడు తక్కువ చూపించింది.
"అబద్ధం కాదులే, మొహమాటం."
ఏడు కలుపుకోమని టేపు మీద రాసి అంటించింది.

అసలు చిక్కు ఆ తర్వాత.
ఉంగరం ఒకటి. సిలిండర్లు నాలుగు.
ఎవరి నుదుట చెయ్యి పెట్టాలి?
ముందువి రెండూ గాలికి ఎదురుగా ఉన్నాయి, వాటికేం.
వెనకవి వాటి చాటున ఎంగిలి గాలి పీలుస్తాయి.

నలభై ఏళ్ళు పాడి చేసిన మనిషి.
ఈనిన ఆవు చెవులు పట్టుకుని
చల్లబడుతున్నాయో లేదో చెప్పేసేది,
డాక్టరు ట్రక్కు దిగేలోపే.
చెయ్యి తప్పు చెప్పింది ఒక్కసారేనట.
ఆ ఆవు సంగతి నేను అడగలేదు.

చేతితొడుగు తీసి
వెనక ఎడమదాని రెక్కల మీద అరచెయ్యి ఆనించింది,
చల్లటి ఇంజనే అది, అయినా చాలాసేపు.
"ఇది నోరు విప్పని రకం. దీనికే పెట్టు."

శనివారం మూడో లాగుడుకి ఇంజన్ అందుకుంది.
ఆయిల్ సూది ఇంకా మేకుకు ఆనుకునే ఉంది.
గాలి నెమ్మదించింది, వెలుతురు రెండు గంటలే మిగిలింది,
వెళ్ళమని చెయ్యి ఊపాను.
ఆమె తల అడ్డంగా ఊపింది,
గాజుని వేలితో ఒకసారి తట్టి
చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.