ఎడమవైపు వెనకది

పద్దెనిమిదేళ్లుగా మా హాల్లో ఒకటే కుర్చీ.
రెండు స్పీకర్లకీ సమానంగా ఎనిమిదడుగుల దూరంలో
నేల మీద సుద్దగీత కొట్టి మరీ వేసుకున్నాడు ఈయన.
పాట ఆ కుర్చీలోనే సరిగ్గా పండుతుందట.
జానెడు జరిగితే చాలు,
పాడేవాడు గోడలోకి వెళ్లిపోతాడట.
గుమ్మం పక్కన కూచుని
చిక్కుడుకాయల ఈనెలు తీసే నాకు
ఎప్పుడూ ఫిడేలే వినబడేది.
మృదంగం ఆయన వాటా.

ఈ ఏడు ఈయన గ్రాట్యుటీ వచ్చింది.
డెంకాడ దగ్గర ఐదు సెంట్లు కొందామన్నాను.
ఐదు అట్టపెట్టెలు దిగాయి.
మెట్ల మలుపులో ఆగి ఆటో అతను
"ఏటి బావూ, ఇన్ని ఫ్రిజ్జులేటి?" అన్నాడు.
పాత జత ముందే ఉంటుంది, వాటి మధ్యన ఒకటి,
వెనక రెండు, మూలన గుమ్ గుమ్మనేది ఇంకొకటి,
వీటన్నిటినీ నడిపే పెట్టె వేరే.
లెక్క చెబుతుంటే ఈయన గొంతు
పెళ్లిచూపుల నాటికన్నా లేతగా ఉంది.

గౌరీసు డ్రిల్లు పట్టుకొచ్చాడు.
దాసన్నపేటలో పాతకాలపు సున్నపు గోడ,
ఒక్క బెజ్జానికి దోసెడు మట్టి రాల్చింది.
నా కుట్టుమిషను వెనక మూల ఖాళీ చేసింది.
దేవుడి పటం రెండడుగులు పైకెళ్లింది.
గడప వారనుంచి తీగలు పాకాయి.
"తొక్కకు" అన్నాడు ఈయన.
ఈ సంగీతంలో నాకు అప్పజెప్పిన
మొదటి పని అదే, తొక్కకపోవడం.

వైజాగునించి మణిదీప్ అనే కుర్రాడు
కుర్చీలో వేలెడంత మైకు నిలబెట్టి
"ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీయొద్దండి" అన్నాడు.
ఒక్కో స్పీకరూ వంతులవారీగా ఈల వేసింది.
మొదటి కొలత అయింది.
"సార్, మీ ఇంట్లోవాళ్లు ఇంకెక్కడ కూచుంటారు?"

ఈయన ఆలోచించాడు.
నిజంగానే ఆలోచించాడు.
వంటింట్లోంచి నా పీట తెచ్చి
ఎక్కడ వెయ్యాలో తెలీక
చేత్తో పట్టుకు నిలబడ్డాడు.

దీపాలు పెట్టేవేళకి కచేరీ మొదలైంది.
ఈయన కళ్లు మూసుకున్నాడు.
కుర్రాడు ఫోన్లో బిల్లు తీస్తున్నాడు.
నాకే ఎక్కడో తేడా కొట్టింది.

ఘోషాసుపత్రిలో ముప్పై ఒక్కేళ్లు
నిండుకడుపు మీద బూరలాంటి గొట్టం ఆనించి
ఒంటిచెవితో విన్నదాన్ని.
వార్డు గోల, ఫ్యాను కిర్రు, బయట ఆటోల హారన్లు,
తల్లి పేగుల గుడగుడ,
అన్నీ పక్కకి నెట్టుకుంటూ పోతే
అడుగున ఉంటుంది ఆ చిన్న పరుగు.
బొడ్డుకి కింద వినబడితే ధైర్యం.
పైన వినబడితే
డాక్టరమ్మకి కబురు పంపాలి.

ఇక్కడా అంతే.
నా ఎడమ భుజం వెనక గాలి గుల్లగా ఉంది.
చప్పట్లు రావలసిన చోట
ఎవరో చప్పట్లని మింగేస్తున్నారు.

"ఎడమవైపు వెనకది ఎదురుకాళ్లు" అన్నాను.
కుర్రాడు నవ్వాడు.
"మిషను ఓకే అందండీ ఆంటీ."
మిషను ఓకే అన్నాక
నేను పరిగెత్తిన రాత్రులు ఎన్నని చెప్పను!
గౌరీసే స్టూలెక్కి చూశాడు.
"అమ్మ సెప్పిందే నిజం బావూ,
ఎర్రది నల్లదాన్లో ఎట్టేసినాను."

తిప్పి బిగించాడు.

అప్పుడొచ్చారు జనం.
వెనక వరసలో ఎవరో దగ్గారు.
తలుపు ఒకటి మెల్లగా మూసుకుంది.
రాగం సన్నగా సాగుతున్న చోట
ఒకావిడ గాజులు సర్దుకుంది,
అంత దగ్గరగా, అంత తాపీగా.

ఈయన చటుక్కున వెనక్కి తిరిగి చూశాడు.
పీట మీద నేనున్నాను.
లేబర్ రూములో తీసి పక్కన పెట్టినవి,
నా చేతులకి గాజులు ఎప్పుడో అలవాటు తప్పాయి.

"నేను కాదు" అన్నాను.