తడి వేళ్లు

మద్దిలపాలెం జంక్షన్లో ఇంకా ఉంది
నేను రాసిన హోర్డింగు:
"ఒక్క నొక్కు. చేప మీ గుమ్మంలో."
ఎండకి ఎరుపంతా పోయి
గులాబీ రంగుకి దిగింది.

ఆరేళ్లు ఆ ఒక్క నొక్కు గురించి
ఊరంతా చాటాను.
అమ్మేవాళ్ల వైపు నుంచి
ఒక్కసారీ నొక్కి చూడలేదు.

ఇప్పుడు అదే కంపెనీ,
రుషికొండ మీద వేరే కుర్చీ.
జీతం కాస్త తగ్గింది.
పక్క సీటు కుర్రాడు నాకంటే పదేళ్లు చిన్న,
"అక్కా, ఏపీఐ అంటే..." అని ఓపిగ్గా మొదలెడతాడు.
తలూపి, బాత్రూంలోకెళ్లి
ఫోన్లో వెతుక్కుంటాను.

ఇవాళ తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్లో
ఐసు పెట్టెల మధ్య గొంతుక్కూచున్నాను.
నూకరత్నం ఫోను తీసింది.
వంజరం జిగురంటిన వేలితో నొక్కింది.
మళ్లీ నొక్కింది.
కొంగుకి తుడుచుకుని నొక్కింది.
"ఏటమ్మా, నీ బొత్తానికి
నా సెయ్యంటే కోపమేటి?"

జవాబుకి బదులు నా నాలిక మీద
ఓ చక్కటి నినాదం సిద్ధంగా ఉంది,
పాత అలవాటు.
మింగేశాను.

నోటుబుక్కులో రాసుకున్నాను:
"వాడేవాళ్ల చేతులు తడిగా ఉంటాయి."

ఏదీ కొనమని అడగని వాక్యం
నాకిదే మొదలు.

గాలికి పేజీ లేచిపోతుంటే
నూకరత్నం తన బుట్ట అంచు
దాని మీదికి జరిపింది.